ఏడు నిమిషాల దూరం

కోపిత్నారిలో రన్‌వే వేశాక
మాకు చుట్టాలు ఎక్కువయ్యారు.
పెళ్ళికి పిలిచినా రానివాళ్ళు ఫోను చేసి
త్సియాలా, నాలుగున్నరకి విమానం,
ఒక్క రాత్రి నీ దగ్గర నడుం వాలుస్తాం అంటారు.
మా గేటు నుంచి విమానాశ్రయం ఏడు నిమిషాలు,
గురామ్ పాత ఓపెల్ మొండికేస్తే తొమ్మిది.

పన్నెండేళ్ళుగా నా ముందుగదిలో
గోధుమరంగు సోఫా రాత్రయ్యేసరికి మంచం అవుతుంది.
బెర్లిన్ వెళ్ళే పెళ్ళికొడుకు పడుకున్నాడు దాని మీద,
పంటి వైద్యానికి బయల్దేరిన చర్చి ఫాదరూ,
బుట్టలో పిల్లిని దాచి తెచ్చిన లమారా మరిదీ.
నానా అయితే నాలుగుసార్లు.
హాయిగా పడుకోండి, నేను లేపుతాగా అనేదాన్ని.
పొద్దున అందరిదీ ఒకటే మాట:
ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాం.

ఇప్పుడు టికెట్టు నా పేరున వచ్చింది.
బారీకి. గురువారం, ఐదుంపావు.
నానాకి మోకాలి ఆపరేషన్ అయింది,
మూడో అంతస్తుకి కూరల సంచీ మోసే మనిషి కావాలట.
రెండు నెలలే.
అరవై మూడేళ్ళు విమానాల్ని కింద నుంచే చూశాను,
వాటి పొట్టలు తెలుసు నాకు, వీపులు తెలీవు.

ఇంతకీ ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి?
నవ్వకండి.
లమారా కుతాయిసీ నుంచి ఒకటే గొడవ,
ఇన్నేళ్ళ బాకీ తీర్చుకోనీ, మా ఇంటికి రమ్మని.
విమానం పక్కనున్నదాన్ని
అరగంట వెనక్కి పోయి పడుకోవాలా?
పోతే మాత్రం పడుకోనిస్తుందా!
జున్ను రొట్టెలు, వాళ్ళ మామగారు దించిన ద్రాక్షసారా,
చచ్చిపోయినవాళ్ళ పేరున ఒక గుక్క,
పుట్టబోయేవాళ్ళ పేరున ఒక గుక్క.
తెల్లారేసరికి విమానం సరే, ఎదురుగా గోడ కూడా కనిపించదు.

విమానాశ్రయంలోనే కూర్చో, కుర్చీలకి డబ్బడగరు
అంటాడు గురామ్.
ఆ కుర్చీల మధ్య ఇనప చేతులు బిగించారు,
ఎవరూ నడుం వాల్చకుండా.
వాటిని గీసినవాడు
జన్మలో అలిసిపోయి ఉండడు.

రోడ్డవతల కొత్త హోటలుంది.
ఇటుక మీద ఇటుక లేస్తుంటే మా తోటలోంచి చూశాను,
లోపల ఎలా ఉంటుందో తెలీదు. అరవై లారీలు.
ఫోను చేశాను కూడా.
ఎక్కడినుంచి వస్తున్నారమ్మా అని అడిగింది ఆ పిల్ల.
ఎదురింటి నుంచి అనలేక పెట్టేశాను.

నా మంచం ఉండనే ఉంది.
కానీ బుధవారం రాత్రి దుప్పటి ఎత్తితే
అది నన్ను ఎప్పటిలాగే చూసింది,
పొద్దున్నే కోళ్ళకి గింజలు వెయ్యాల్సిన మనిషిని చూసినట్టు.
అక్కడ పడుకుంటే లేవను.
లేచినా వెళ్ళను.

సోఫా లాగాను.
ఉతికిన దుప్పటి పరిచాను
చుట్టాలకి పరిచినట్టే, మడతల గీతలు కనపడేలా.
గ్లాసుతో నీళ్ళు పెట్టుకున్నాను.
లైటార్పాను.

అప్పుడు వినిపించింది గోడగడియారం.
నా గదిదాకా ఎన్నడూ రాని చప్పుడు,
ఎవరో చీకట్లో కూర్చుని
అక్రోటు కాయలు ఒక్కొక్కటే పగలగొడుతున్నట్టు.
నడుం కింద ఒక కమ్మీ.
కర్టెను చాలని మూల నుంచి
వీధిదీపం తిన్నగా కళ్ళలోకి.
పన్నెండేళ్ళు. ఒక్కరూ చెప్పలేదు.
పెళ్ళికొడుకు చెప్పలేదు.
ఫాదర్ అంతటివాడు అబద్ధమాడాడు.
నానా నాలుగుసార్లు, నాలుగుసార్లూ
ఒళ్ళు తెలీలేదే అని నా చెంప ముద్దుపెట్టుకుని
ఎర్రటి కళ్ళతో ఓపెల్ ఎక్కింది.
ఆ ఎరుపు వెళ్తున్నందుకు అనుకున్నాను.
కొంత అందుకే కావచ్చు.

దిండ్ల సందులో చెయ్యి పెడితే
ఒక తలపిన్ను, ఐదు యూరోసెంట్లు,
ఎవరిదో బోర్డింగ్ పాసు ముక్క, పేరు చెరిగిపోయింది.
ఎక్కడివి అక్కడే ఉంచాను.

రెండింటికి స్టూలెక్కి
గడియారం బ్యాటరీ పీకేశాను.
అయినా కునుకు లేదు.

మూడున్నరకి గేటు దగ్గర హారన్.
పెట్టె డిక్కీలో పెడుతూ గురామ్ అడిగాడు,
నిద్ర పట్టిందా?

ఒళ్ళు తెలీకుండా, అన్నాను.