హద్దుల పేరా

ముమ్మిడివరం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
జెరాక్సు కొట్టుకీ కొబ్బరిబొండాల బండికీ నడుమ
నా బల్ల.
ఇరవై ఆరేళ్లుగా ఇళ్లు అమ్మిస్తున్నాను, కొనిపిస్తున్నాను,
ఉత్త వాక్యాలతో.
నాది మాత్రం అద్దె కొంప.
పదకొండు నెలలకోసారి అగ్రిమెంటు
నాకు నేనే రాసుకుంటాను, రాతకూలి పుచ్చుకోకుండా.

ధర, విస్తీర్ణం, సాక్షులు ఎవడైనా రాస్తాడు.
చెయ్యి తిరిగిందో లేదో తెలిసేది హద్దుల పేరాలో.
తూర్పు: పెచ్చెట్టి వారి కొబ్బరితోట.
దక్షిణం: పంటబోదె.
పడమర: పంచాయతీ రోడ్డు.
ఉత్తరం దగ్గర ఈ సీమలో కలం కాస్త ఆగుతుంది.
ఉత్తరం: గోదావరి.
కదిలేదాన్ని హద్దు రాయకూడదోయ్
అనేవారు మా గురువు చయనులుగారు.
అంటూనే రాసేవారు.

ఈ మధ్య వచ్చేవన్నీ ఫ్లాట్లు.
లంకకి వంతెన పడింది, వంతెన వెనకే బ్రోషరు.
ద్వీపంలో జీవించండి అని దాని మీద
నీలం నీళ్లు, తెల్ల పడవ.
మా ఏటికి ఎన్నడూ లేని రంగు.
బ్రోకరు గన్నిబాబు చెవిలోంచి ఫోను తియ్యడు:
"ఆయ్, బాల్కనీలో కాఫీ తాగుతుంటే
కాళ్లకింద గోదారండీ.
పెట్టుబడికి పెట్టుబడీ, గాలికి గాలీ."

భీమవరం నుంచి రొయ్యల మేత డీలరు
చూడకుండానే రెండు కొన్నాడు.
ఒకటి ఉండటానికట, ఒకటి అమ్మటానికట,
ఏది ఏదో ఇంకా తేల్చుకోలేదు.
రాశాను: మూడో అంతస్తు, మూడు వందల రెండు,
దానికి చెందిన విభజింపబడని భూమి వాటా
ముప్ఫై రెండు చదరపు గజాలు.
"ఎక్కడుందండీ నా ముప్ఫై రెండు?"
అంతటా ఉంది, ఇదీ అని చూపించలేం, అన్నాను.
దేవుడి సంగతి విన్నట్టు తలూపి
మెషీను మీద వేలు పెట్టాడు.
మూడుసార్లు తుడిస్తేగాని ముద్ర పడలేదు.

గురువారం మధ్యాహ్నం, సర్వర్ డౌను.
మట్టపర్తి పేరంటాలు వచ్చింది.
కుచ్చిళ్లకి ఎండిన ఒండ్రు,
ప్లాస్టిక్ సంచిలో పాసుపుస్తకం.
ఎనభై సెంట్లు, అందులో మూడు గదుల పెంకుటిల్లు.
"మరిదికి అమ్ముతున్నా, రాసెయ్యండి బాబూ."
హద్దులు చెప్పమ్మా.
"తూరుపు గోదారి."
ఊఁ.
"దక్షిణం గోదారి."
తలెత్తాను.
"పడమర గోదారండి. ఉత్తరం..."
వేళ్లు లెక్కపెట్టుకుని,
"ఉత్తరం కూడా అదే."
మరి ఇల్లో?
"మొన్న వరదకి మధ్యలోకెళ్లిపోయిందండి.
ఆటు వేళకి నిద్రగన్నేరు కొమ్మొకటి అవుపిస్తది."

మరిది తాతాజీ గుమ్మం బయటే నిలబడ్డాడు.
పడవ వేసేవాడు, వంతెన పడ్డాక బేరాల్లేవు.
"ఏరు తిన్నది ఏరే కక్కుద్దండి.
మా తాత చేను ముప్ఫయ్యేళ్లకి పైకొచ్చింది,
ఒండ్రేసుకుని, ముందుకంటే బలంగా.
ఇప్పుడైతే చవగ్గా వస్తాది.
వదినకీ మందులకవుద్ది."
ఇరవై వేలకి బేరం.
సగం రొక్కం, సగం పులసల కాలం పోయాక.

సర్వర్ వచ్చాక సర్వే నంబరు కొట్టాను.
కంప్యూటరుకి వరద తెలీదు.
వంతెన పక్క లంక భూమి,
సెంటు లక్షా పది వేలు,
వెరసి ఎనభై ఎనిమిది లక్షల ఆస్తి.
స్టాంపులూ ఫీజూ ఆరు లక్షల పైన కట్టాలి
ఇరవై వేల నీళ్లకి.

పేరంటాలు తెరవైపు చాలాసేపు చూసింది.
"అంతుందా బాబూ మాది."
ఆ గొంతులో ఏడుపు కోసం వెతికాను, దొరకలేదు.
కాస్త నిటారుగా కూచుంది, అంతే.

కాగితం పుట్టలేదు.
పది వేలు మాత్రం చేతులు మారాయి
జెరాక్సు కొట్టు గడప మీద,
సాక్షులు నేనూ, బొండాల కుర్రాడూ.

సాయంత్రం గన్నిబాబు పరుగున వచ్చాడు.
మూడు వందల రెండు అప్పుడే ఇంకొకరికట,
రెండు లక్షలు పైకి.
పాత దస్తావేజు చూసి దించేస్తే చాలు.
తూర్పు: లిఫ్టు.
దక్షిణం: మెట్లు.
పడమర: మూడు వందల మూడు.
ఉత్తరం: ఖాళీ ఆకాశం.

ఖాళీ అన్నమాట కొట్టేసి,
కాసేపాగి మళ్లీ అదే రాసి,
కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాను.