నాలుగో హద్దు

గుణుపురం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో
ముప్ఫై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను.
ఒడియాలో రాస్తాను, తెలుగులో తిట్టుకుంటాను.

పాత మిషను బంగళా ఖాళీ చేసిన వానాకాలం
ప్రభుదాన్ బెహరా అట్టల్లేని పుస్తకమొకటి పట్టుకొచ్చాడు.
వాళ్ల తాత జర్మను పాదిరీల దగ్గర వంట చేసేవాడట.
మనవడికి ఆ భాష అబ్బింది, ఉద్యోగం అబ్బలేదు.
బేరాల్లేని మధ్యాహ్నాలు
అతను ఒడియాలో చెప్పేవాడు, నేను తెలుగులో వినేవాణ్ణి.

ఎకార్ట్ అని ఒక దొర. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట.
కొండ మీద రాతికోట, కింద పిండిమర, మూడు ఊళ్లు.
పుట్టిన తేదీ లేదు. నవ్వేవాడో లేదో తెలీదు.
మిగిలినవల్లా పదకొండు దస్తావేజులు.

మొదటిదాంట్లో తండ్రి వెనక సాక్షి, వరసలో ఆఖరివాడు.
రెండోదాంట్లో పెళ్లి. యూటా అనే పిల్ల
నలభై గొర్రెలతో, ఒక ద్రాక్షతోటతో వచ్చింది.
నాలుగోదానికి తోట తాకట్టులో ఉంది:
తమ్ముడు ఎవరి యుద్ధంలోనో పట్టుబడితే విడిపించడానికి.
అయిదులో ఆ తమ్ముడే
వాటా తక్కువైందని దావా.
నవ్వొచ్చింది నాకు.
"నిన్ననే రాశాన్రా ఇది, పద్మపూర్ అన్నదమ్ములకి."

అంత దొరకీ సంతకం రాదు.
కరిగిన మైనం మీద ఉంగరం నొక్కేవాడట,
అందులో ఒంటికాలి కొంగ.
అంటే నిశానీదారే కదా!
మా సోమ్రా గమాంగో బొటనవేలు సిరాలో అద్ది,
ఊపిరి బిగబట్టి ఒత్తి, మిగిలింది జుట్టుకి తుడుచుకున్నట్టు
ఈయనా మైనాన్ని గడ్డానికి రాసుకునుంటాడు.

పెద్దకొడుకు మఠంలో కలిశాడు.
రెండోవాడు గుర్రంతో సహా ఏట్లో పోయాడు.
కూతురు మెక్టిల్ట్ తొమ్మిదో కాగితంలో ఉంది,
పదోదాంట్లో కీర్తిశేషురాలు.
మధ్యలో ఏమైందో రాసినవాడు రాయలేదు.
మేమూ రాయం.
పిల్ల పేర ఏడాదికొక దీపం వెలిగించమని
పిండిమర మఠానికి రాసిచ్చేశాడు.

పదకొండోది కోట అమ్మకం.
తూర్పున బిషపు గారి అడవి,
దక్షిణాన మేకల దారి,
పడమర వితంతువు గెర్లిండ్ చేను,
ఆ తర్వాత చెదలు.

"ఉత్తరమో?"
"లేదు."
"మూడు హద్దులతో ఏ రిజిస్ట్రారు పుచ్చుకుంటాడు?"
"ఇప్పుడెవడు పుచ్చుకోవాలి గురూగారూ" అని
ప్రభుదాన్ బీడీ ముట్టించుకున్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు.
కాశీనగర్ దిగువన మా నాన్న వదిలిన ఎకరం ముప్పావుకి
మూడు వైపులా మనుషుల పేర్లు,
నాలుగో వైపు వంశధార.
వరదొచ్చినప్పుడల్లా జరుగుతుంది.
ఒక ఏడు మా గట్టు ఒడిశాలో, ఒక ఏడు ఆంధ్రలో.
కొలతకొచ్చిన అమీను
"ఉత్తరం: నది" అని రాసి, కలం మూసి,
కాసేపు నీళ్లకేసి చూసి వెళ్లిపోతాడు.

పొద్దున్నే ఆ చెదల కన్నం పక్కన
పెన్సిలుతో సన్నగా అదే రాశాను.
"నువ్వు చూశావా?" అన్నాడు ప్రభుదాన్.
లేదు.
కానీ ఆ రెండో కుర్రాడు
ఎక్కడో ఒకచోట మునగాలి కదా.