ఏడో కుర్చీ

పర్లాకిమిడిలో వాన పట్టుకుంటే
మా సభాభవనం రేకు కప్పు కూడా ఒక సభ్యుడే.
పాణిగ్రాహి గారు చదివిన తీర్మానంలో
సగం దానికే వినిపించింది.
మాకు దక్కిన సగం ఇది:
అధ్యాపక మండలి లోపల
ఒక వ్యూహ ప్రణాళికా సంఘం,
సభ్యులు ఏడుగురు,
చూడవలసింది పదేళ్ళ ముందుకి.

మొదట పేరు మీదే గొడవ.
ఒడియాలో రణనీతి అంటే నెత్తురు వాసనొస్తోందని
భౌతికశాస్త్రం గంతాయత్ గారి అభ్యంతరం.
యుద్ధమెవరితో, భువనేశ్వర్‌తోనా, చెదలతోనా?
నవ్వులు.
మినిట్స్‌లో నవ్వులు రాయరు.
పక్కనుంచి లెక్కల లింగరాజు గొణిగాడు:
"వ్యూహమంటే మనకి లోపలికెళ్ళడమే కదమ్మా తెలుసు."

ఇంగ్లీషులో రాసుకుంటాం
ఒడియాలో దెబ్బలాడుకుంటాం
తెలుగులో గొణుక్కుంటాం.
గుమ్మం అవతల ఇలియాస్ గమాంగ్
సవరలో ఎవరినో ఫోన్లో బుజ్జగిస్తూ
అందరికీ ఒకే కెటిల్లోంచి టీ వంచుతున్నాడు.

తరవాత సీట్లు.
వ్యవసాయానికి రెండు, సైన్సుకి రెండు,
వాణిజ్యం ఒకటి పట్టుబట్టి లాక్కుంది.
చరిత్రకీ సమాజశాస్త్రానికీ కలిపి ఒకటి.
భాషలన్నిటికీ కలిపి ఒకటి:
ఒడియా, ఇంగ్లీషు, ఆ పక్కన మూడు చుక్కలు.
ఆ చుక్కల్లో ఎక్కడో నేనున్నాను.
తెలుగు శాఖ: మంజూరైన పోస్టులు మూడు,
మిగిలింది సనపల తిలోత్తమ ఒక్కతి,
ఆమెకీ వచ్చే మార్చితో సరి.

నేను లేచాను.
తెలుగుకో కుర్చీ అడుగుతానని
అందరూ జాలిగా సర్దుకున్నారు.
నిజానికి అదే రాసుకొచ్చాను, రెండు పేజీలు.
చేతిలోనే మడత పడ్డాయి.
"పదేళ్ళ తరవాత ఈ గదిలో ఉండేవాళ్ళు
ఒకసారి చెయ్యెత్తండి" అన్నాను.

కప్పు మీద వాన.
పదకొండు చేతులు, నలభై రెండు మందిలో.
పాణిగ్రాహి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు,
గంతాయత్ గారు తన చేతికేసి
అదెవరిదో అన్నట్టు చూసుకున్నారు.

ఏడో సీటు గెస్టు లెక్చరర్లకి ఇవ్వండి, అన్నాను.
పీరియడుకింతని చెప్పుకుని
గుణుపురం బస్సు ఛార్జీకి సగం పోసేవాళ్ళకి.
ఉండేది వాళ్ళే. ఉంచితే.

రిజిస్ట్రారు నిబంధనల పుస్తకం తెరిచారు.
వాళ్ళు మండలి సభ్యులు కారు,
కానివాళ్ళు సంఘంలోకి రారు,
రావాలంటే మండలి మార్చాలి,
మార్చడానికి ముందు సంఘం సిఫార్సు చెయ్యాలి.
లింగరాజు నాకేసి చూసి
వేలితో గాలిలో ఒక సున్నా చుట్టాడు.

సవరణ వీగింది, పందొమ్మిదికి ఇరవై మూడు.
అయినా ఎవరికో మనసొప్పక
భాషల సీటుని "తరువాత భర్తీ" అని వదిలేశారు.

అలా సంఘం పుట్టింది.
"ఆరు కుర్చీలా, ఏడా మేడమ్?" ఇలియాస్ అడిగాడు.
ఏడే, అన్నాను.

తొలి సమావేశం నాడు వరండాలోంచి పోతూ
కిటికీలో తొంగిచూశాను.
ఆరుగురూ భవిష్యత్తుకి శీర్షికలు పెడుతున్నారు.
ఏడో కుర్చీలో, ప్లగ్గు దాని పక్కనే ఉంది కనక,
ఫోను ఛార్జింగుకి పెట్టి
సులభా రైతా నా పిల్లల పేపర్లు దిద్దుతోంది.
లేవమని ఎవరూ అనలేదు.
ఒక్కసారి మాత్రం తలెత్తి
"ఆ అంకె తప్పండి" అంది,
మళ్ళీ దిద్దుకుంది.