కొలతల పుస్తకంలో పేరు లేని పేజీ

మిషను మీద మూత పెట్టాక
అసలు పని మొదలవుతుంది.

నీలం బేసిను, మగ్గు, వేరే దాచుకున్న సబ్బు,
పాత వాయిలు చీర చింపిన ముక్కలు నాలుగు.
పర్లాకిమిడి మొత్తం కరెంటు పోయినా
ఈ వరస నా చేతులకి కంఠతా వచ్చు.

ముందు కుడికాలు.
మిషను తొక్కేది, అన్నం పెట్టేది అదే,
అయినా రెండు చెంబులతో సరిపెట్టుకుంటుంది.
తర్వాత ఎడమది. దొరసాని.
నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, తొందర పనికిరాదు.
మడతలో మడత, ఆ మడతలో ఇంకో మడత,
కుచ్చిళ్లలో పడిపోయిన సూదిని వెతికినట్టు
వేలు పెట్టి వెతకాలి.

ఆశా దీదీ సంజుక్త మొదటిరోజు
గడప మీద కూర్చుని సందులు లెక్కపెట్టింది:
ఎకొ, దుయి, తిని, చారి.
రుద్దకు, అద్దు, అంది.
తడి ఉంటే పుండు, పుండుంటే జ్వరం.
ఆ జ్వరం నాకు తెలుసు.
గజ్జల్లో బిళ్ల కట్టి, పళ్లు టకటకలాడి,
పెళ్లివాళ్ల పద్నాలుగు జాకెట్లు
కత్తిరించినవి కత్తిరించినట్టే వదిలేసిన జ్వరం.

గోళ్లు తిన్నగా తియ్యాలట, మూలలు తిప్పకూడదట.
మెడలు గుండ్రంగా తిప్పే చేతికి
అది నేర్పడానికి నెల పట్టింది.

మెట్టె ఎప్పుడో కంసాలి కోసేశాడు.
కోస్తున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకున్నాడు,
వెండి తూకం మాత్రం బాగానే చూశాడు.
బోదకాలు టైలరమ్మ అంటే చాలు
రిక్షావాడు మా గుమ్మంలోనే దింపుతాడు.

ఆదివారం ఆదివారం టేపు తీస్తాను.
మడమ పైన, పిక్క మీద, మోకాలి కింద.
జాకెట్ల కొలతల మధ్య ఒక పేజీ.
మొన్న రస్మిత తన కొలత వెతుక్కుంటూ అక్కడ ఆగింది.
"ఇంత లావు చేతులా! ఎవరివి మావుసీ?"
"పాత బేరం. పదకొండేళ్లుగా కొలతలిస్తుంది,
తీసుకెళ్లడానికి రాదు."
నవ్వింది. నేనూ నవ్వాను,
చీర అంచు కాస్త కిందికి లాక్కుంటూ.

ఈ వారం పిక్క దగ్గర పావంగుళం తగ్గింది.
రాశాను. కొట్టేసి, మళ్లీ కొలిచి,
అదే రాశాను.

కాలు దిండు మీదికి ఎత్తి పెట్టుకున్నాక
వీధిలో సైకిలు గంట. సంజుక్త.
కిటికీలోంచి ఎప్పుడూ అడిగే ఒక్క మాట:
"శుఖిలా కి?"
ఆరింది, అన్నాను.

గంట మలుపు తిరిగింది.
చిటికెన వేలి సందులో చల్లగా
ఇంకా ఏదో ఉంది.
లేచాను, గుడ్డ కోసం.