అరవై పక్కన అంకె

కాశీబుగ్గ పాతినుము కొట్లో
తూకానికి పోవాల్సిన జీపు.
ముప్పై ఒక్క వేలిచ్చి
ఢిల్లేసు షెడ్డు దాకా తాడేసి లాక్కొచ్చాను.

కాగితాల్లేవు. నంబరు పలక లేదు.
ఛాసిస్ మీద అంకెలుండాల్సిన చోట
ఎవడో వెల్డింగు చేసిన మచ్చ,
మానిన పుండులా నున్నగా.

ఏ మోడలు? ఏ సంవత్సరం?
రవాణా ఆఫీసు గుమస్తా అడిగింది రెండే ప్రశ్నలు.
మనిషినైనా అంతకన్నా ఏం అడుగుతారు.

ఢిల్లేసు చుట్టూ ఒకసారి తిరిగాడు.
సంతలో ఎద్దు పళ్లు చూసేవాడిలా
ముక్కు మీద గీతలు లెక్కపెట్టాడు.
"ఏడు. తొమ్మిదుంటే మిలట్రీది బావూ,
యుద్ధం నాటిది. ఇది కాదు.
బానెట్టు సూడు, మూపురంలాగ లేసింది.
లోపలి ఇంజిను పొడుగు, అందుకు.
అంటే సీజే త్రీబీ. మోడలు సెప్పగల్ను.
ఏడాది నన్నడక్కు.
ఇంజిను తీసీసి డీజిలుది పెట్టీసినారు.
డోరు ఒక బండిది, స్టీరింగు మరో బండిది.
ఇన్నేళ్లు కలిసిన దానికి
ఏ ఏడని రాస్తాం?"

షెడ్డు దగ్గర చేరినవాళ్లు తలో ఏడు చెప్పారు.
వంశధార పొంగిన ఏడు చూశానన్నాడొకడు.
తన పెళ్లికి అద్దెకి తెచ్చానన్నాడు ఇంకొకడు,
ఆ పెళ్లి ఏ ఏడో వాళ్లావిడనే అడగాలట.

రంగు గీకాం.
పైన బ్యాండు మేళం వాళ్ల ఎరుపు.
కింద జీడిపప్పు వ్యాపారి నీలం.
ఆ కింద, ఎన్నికలకి పూసి
ఎన్నికలయ్యాక ఎవరూ చెరపని రంగు.
అన్నిటికీ అడుగున మలేరియా శాఖ బూడిదరంగు,
దాని మీద ఒక రెక్క ఊడిన దోమ బొమ్మ.

పక్క బట్టీలో జీడిపిక్కలు కొట్టే దమయంతి
టీ గ్లాసు పట్టుకుని చూస్తోంది.
దోమ కనపడగానే గ్లాసు కింద పెట్టింది.

"ఒలమ్మ, ఇదా!
నాను దీన్లోనే పుట్నాను."

మందస నుంచి సోంపేట ఆసుపత్రికి పోతూ
ఆషాఢంలో, మహేంద్రతనయ ఒడ్డున
బండాగిపోయిన రాత్రి.
"సీటు కొత్త రెగ్జిను వాసనొచ్చీదట.
మొన్ననే వొచ్చిన బండి, పాడు సేసీసినారని
డ్రైవరు తిట్టీసినాడట మాయమ్మని.
తిట్టి, మల్ల తన సొక్కా ఇప్పి
నన్ను సుట్టీసినాడట."

ఆధారులో మాత్రం ఆమె పుట్టింది
డెబ్బై జనవరి ఒకటి.
ఆ వీధిలో సగం మంది అదే రోజు పుట్టారు,
కార్డు రాసినవాడికి ఆ తేదీ మీద ప్రేమ కాబోలు.
పింఛనుకి ఇంకా నాలుగేళ్లుందన్నారట.
వేలిముద్ర వెయ్యమంటే మిషను ఒప్పుకోదట.
జీడి రసం తినేసిన వేళ్లు,
గీతలన్నీ పోయి
మా ఛాసిస్ మీది మచ్చంత నునుపు.

ఢిల్లేసు డాష్‌బోర్డు మీద
కిరసనాయిలు గుడ్డ రుద్దాడు.
రెండు రివెట్ల మధ్య ఇత్తడి రేకు:
శాఖకు అప్పగించిన తేదీ.
రోజు చెరిగింది. నెల ఆరు.
సంవత్సరం పంతొమ్మిది వందల అరవై,
దాని పక్కన అంకెని చిలుము తినేసింది.

కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను.
ఒక పొట్ట వచ్చింది, దాని కింద ఇంకో పొట్ట వచ్చింది,
ఎడమవైపు మూసుకుందో లేదో తేల్లేదు.
మూడంటే మూడు. ఎనిమిదంటే ఎనిమిది.

"ఏదైనా డెబ్బైకి ముందే గదా," అంది దమయంతి.
నల్లబడ్డ బొటనవేలు ఆ రేకు మీద ఆనించి
కాసేపు అలాగే ఉంచింది,
ముద్ర పడుతుందేమో చూద్దామన్నట్టు.

గుమస్తాకి ఏం రాయాలో నాకింకా తెలీదు.
సాయంత్రం ఢిల్లేసు
సీటు తుక్కంతా పీకి పారేయబోతే
ఆమె బట్టీలోంచి కేకేసింది:

"ఉండనీ బావూ.
అడుగున కొబ్బరిపీచు ఇప్పి సూడు.
తడెప్పుడో ఆరిపోనాది గానీ
మరకుంటాది."