వేరు కొన

ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టాను.
జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉంది.
దాని వేరు కింద సన్నటి బూడిదరంగు కాలువ,
దండాసి కింది పెదవికి కబుర్లు మోసే నరం
అందులోంచే పోతోంది.

"సన్నాయోణ్ణి డాటరమ్మా.
పర్లాకిమిడి పెళ్లికి బయానా పుచ్చేసుకున్నాను.
పన్ను పోతే పోనీ,
పెదవి నాకుండాల."

ఆ పూట గుణుపురంలో కరెంటు లేదు.
జనరేటర్ మోతలో
సూది దవడ లోపలి అంచున ఎముకని తాకింది.
వెంట్రుకవాసి వెనక్కి లాగి,
రక్తం రాలేదని చూసుకుని,
మెల్లగా, చాలా మెల్లగా వదిలాను.
పదకొండు నిమిషాలు.
"ఎలా ఉంది?"
"ఎవులిదో పెదవి నాకు అతికినట్టుంది."

పన్ను తల కోసి తీశాను.
వేరు కొన మాత్రం నరాన్ని వాటేసుకుని ఉంది.
లాగేద్దామని చేతికి ఒకటే దురద,
చదివినన్నాళ్లూ లాగడమే నేర్పారు మరి.
వదిలేశాను.
కుట్లేసి, చీటీలో రాశాను:
కొన లోపలే ఉంది, కావాలనే.

దీపాలు వచ్చాయి. రోగులు వెళ్లిపోయారు.
వరండా బల్ల మీద అతనొక్కడే
గోటితో పెదవి గీరుకుంటూ.
నేను షట్టరు సగం దించి
కూర్చున్నాను.

"డాటరమ్మా! సీమలు... సీమలు పాకతన్నాయి!"

పాకనీ, అన్నాను.