శివారు చేను

కాకినాడలో వాన. ల్యాబు అద్దాలకి ఉప్పుగాలి పొర.
కంప్యూటర్ తెర మీద నా అరవై నాలుగు లేజర్లు,
ఎనిమిదేసి చొప్పున ఎనిమిది వరసలు,
ఆకాశంకేసి వెలగాల్సినవి
నెత్తిన బంగారు మూత పెట్టుకుని కూర్చున్నాయి.

కరెంటు లోపలికెళ్ళాలంటే లోహం కావాలి.
వెలుగు బయటికి రావాలంటే ఆ లోహమే అడ్డు.
మూతకి చిల్లు పెట్టి గాజులా గుండ్రంగా తిప్పాను.
కరెంటంతా అంచుల్లోనే గుమిగూడింది.
నడిమధ్య చీకటి.
వంద పంపితే వెలుగైంది ఇరవై రెండు,
మిగతాదంతా సెగ.

ఈ జబ్బు నేనెరగనిది కాదు.
మా చిన్నాన్న నూకరాజు అమలాపురం కాలవ మీద లస్కరు.
"తూము పక్కోడి చేలో కప్పలీదుతాయి,
శివారోడి చేలో నెర్రెలు" అనేవాడు
నోట్లో చుట్ట తియ్యకుండానే.
ఆయన చేతిలో ఇనప తలుపు, దానికో చక్రం.
నా చేతిలో మైక్రాన్లు.

ఆదివారం ఆత్రేయపురం వెళ్ళాను,
లెక్కల కోసం కాదు, చెల్లెలి పెళ్ళికి పూతరేకులు చెప్పడానికి.
సూరాయమ్మ బోర్లించిన కుండ మీద
పిండినీళ్ళ గుడ్డతో ఒక్క లాగు లాగింది.
ఆవిరి. రేకు లేచొచ్చింది.
బల్బుకేసి పట్టి, ఆ రేకులోంచే
గోడకి గుచ్చిన కరెంటు బిల్లు చదివింది:
"ఆరొందల ఎనభై! ఈ నెలా మోతే."
"ఇంకా పల్చగా తీయొచ్చా?"
"తీయొచ్చు. బెల్లం పెట్టగానే చిరుగుద్ది.
మందంగా తీశావా, నోట్లో సాగుద్ది.
మధ్యలో ఎక్కడో ఉంటాదమ్మా.
నేను కుండ చెప్పేది వింటాను, అంతే."

తిరుగు బస్సులో టిక్కెట్టు వెనక రాసుకున్నాను.
ఇండియం, తగరం, కాస్త ఆక్సిజన్:
చూడ్డానికి గాజు, నడవడికలో లోహం.
మందమైతే వెలుగుని మింగుతుంది.
పల్చనైతే కరెంటు నడవలేక రొప్పుతుంది.
ఎక్కడ ఆపాలి?
నాకు వినడానికి కుండ లేదు.

ఎడం కూడా పెంచాను.
దగ్గరగా నాటితే ఒకదాని వేడి ఒకటి తాగి
నడిమివి సోలిపోతున్నాయి.
కొబ్బరి మొక్కకి పాతికడుగులొదిలే కోనసీమ రైతు
నా డ్రాయింగు చూస్తే ఏమంటాడో గానీ
కొలత ఒక్కటే వేరు.

జానీబాషా పూత పూశాడు.
మొదటిది ఆక్సిజన్ చాలక తేనీటి రంగుకి తిరిగింది.
రెండోది పొలుసులు రాలింది.
మూడోది పూశాడో లేదో తెలీనంత తేటగా ఉంటే
వేలెత్తి నన్నాపాడు, ముట్టుకోబోతుంటే.

స్విచ్చేశాం. ఏమీ లేదు.
ఈ వెలుగు మన కంటికి ఆనేది కాదు.
పక్కనించి ఫోను కెమెరా పెట్టాం.
వంగపువ్వు రంగు చుక్కలు,
నాట్లయిన మడిలా వరసలు తీరి,
నడుములతో సహా నిండుగా.
మీటరు ముల్లు నలభై ఒకటి దగ్గర వణికి ఆగింది.

బాషా రెండుసార్లు లెక్కపెట్టాడు.
"అరవై మూడే మేడమ్. ఈ మూలది లేదు."

"శివారు చేను" అన్నాను,
కోటు తీసి మేకుకి తగిలిస్తూ.
"రేపు తూము చూద్దాం."